ధ్రువప్రాంత జీవులు – మన పిల్లల పుస్తకాలు

బాలసాహిత్యమంటే కథలు, గేయాలు, పొడుపుకథలు మాత్రమేనన్న అభిప్రాయం మనలో బాగా పాతుకొని ఉన్నది. పశుపక్ష్యాదులను గురించి పిల్లలకు చెప్పే పుస్తకం కూడా సాహిత్యమేనని, ఒక కావ్యాన్ని పరిశీలించినంత శ్రద్ధతో దానిని కూడా పరిశీలించి గుణదోషాలు నిర్ణయించవలసి ఉన్నదని అంగీకరించేవారు స్వల్పం. కళాశాల సంచికలో ఇటువంటి విషయానికి చోటెందుకని అడిగే మిత్రులు కూడా ఉండవచ్చును. మన విద్యార్థినీ విద్యార్థులలో అనేకులు రేపు ఉపాధ్యాయులు కాబోతున్నారు. తక్కినవారిలో చాలామంది తల్లిదండ్రులు కాబోతున్నారు. పిల్లల చేతికి ఏ పుస్తకం ఇవ్వాలో నిర్ణయించేది వారే. అందుచేత ఈ చర్చకు ఇది తగిన స్థలమేనని నా అభిప్రాయం.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల రూపురేఖలు ఎంతగా మారిపోయినవో వేరుగా చెప్పనక్కరలేదు. రాతిగుట్టలు ఉన్నచోట అద్దాల మేడలు లేచినవి. ఆ మేడల నడుమ వెలసిన పుస్తక విక్రయశాలలలో పిల్లల విభాగానికి వెళ్ళి చూడండి. అట్టల మీద తరచుగా కంటబడేవి పెంగ్విన్ పక్షి, ధ్రువపు ఎలుగుబంటి. దళసరి కాగితం, కన్నులు చెదిరే రంగులు, ఆంగ్ల భాష, ఒక భవన కార్మికుని దినకూలితో పోటీపడే వెల. వీటిలో ఉత్తమమైనవి లేకపోలేదు. మంచుమీద తల్లి వెనుక నడిచే ఎలుగు కూనను చూచి సంతోషించని పిల్లవాడు ఉండడు, ఉండనక్కరలేదు కూడా.

అయితే ఆ బొమ్మలలో అనేకం అబద్ధాలాడుతున్నవి. ఒకే మంచుపలక మీద పెంగ్విన్, ఎలుగుబంటి చేతులు కలుపుకొని నిలబడి ఉంటాయి. ఎలుగుబంటి ఉండేది ఉత్తర ధ్రువ ప్రాంతంలో. పెంగ్విన్ దక్షిణార్ధగోళపు పక్షి. స్వేచ్ఛగా సంచరించే ఈ రెండు జీవులు ఒకదానినొకటి చూచిన సందర్భం ప్రకృతిలో లేదు. పెంగ్విన్‌లన్నీ మంచులోనే ఉంటాయనుకోవడం కూడా పొరపాటే. 2016లో ముంబయిలోని బైకులా జంతుప్రదర్శనశాలకు తెచ్చిన హంబోల్ట్ పెంగ్విన్‌లు పెరూ, చిలీ దేశాల తీరానికి చెందినవి. అవి మంచు ఎరుగవు. ఒక జాతి అయితే భూమధ్యరేఖ మీది గలపాగోస్ దీవులలోనే నివసిస్తుంది. "పిల్లల పుస్తకమే కదా, ఇంత పట్టింపు ఎందుకు?" అంటారు. కథలో కాకి మాట్లాడవచ్చును, నక్క న్యాయం చెప్పవచ్చును. పంచతంత్రం చదివిన జాతికి దానిమీద ఆక్షేపణ ఉండదు. కానీ అట్టమీద "ప్రకృతి విజ్ఞానం" అని ముద్రించి లోపల కల్పన అమ్మడం వేరు.

ఆ రెండు చోట్ల పేర్లే ఈ తప్పును దిద్దగలవు. గ్రీకు భాషలో "ఆర్క్‌టోస్" అంటే ఎలుగుబంటి. మనం సప్తర్షి మండలమని పిలిచే నక్షత్ర సమూహాన్ని వారు ఎలుగుబంటిగా భావించి, ఆ చుక్కల క్రింది దేశాన్ని ఆర్కిటిక్ అన్నారు. దానికి ఎదురుదిక్కు అంటార్కిటిక్. ఎలుగు ఏ వైపున ఉన్నదో పేరే చెబుతున్నది. మన తెలుగులో "ధ్రువం" అనగానే సవతితల్లి మాటకు నొచ్చుకొని అడవికి పోయి, కదలని తపస్సు చేసి, కదలని చుక్క అయిన పసివాడు జ్ఞప్తికి వస్తాడు. ఇక ఉర్దూ విభాగపు విద్యార్థులు ఉత్తర ధ్రువాన్ని "కుతుబ్-ఎ-షుమాలీ" అంటారు. అరబ్బీలో కుతుబ్ అంటే తిరుగలి నడిమి మేకు, దేని చుట్టూ రాయి తిరుగుతుందో అది. గోలకొండను ఏలిన వంశానికి పేరు వచ్చినది కూడా ఆ మాటనుండే. కుతుబుల్ముల్క్, అంటే రాజ్యానికి ఇరుసు. సైబర్ టవర్స్‌కు కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న ఏడు సమాధుల గుమ్మటాలను చూస్తూ పెరిగే పిల్లలకు ధ్రువం పరాయి మాట ఎట్లా అవుతుంది? విదేశీ పుస్తకం ఈ సంగతి చెప్పలేదు. చెప్పమని దానిని అడగడం న్యాయం కాదు. అది మనం చెప్పవలసిన మాట.

ప్రకృతి పుస్తకంలోని ఒక్కొక్క వాక్యం వెనుక ఎంత శ్రమ ఉంటుందో మన పిల్లలకు తెలియజెప్పాలని నాకు బలంగా అనిపిస్తుంది. ఎంపరర్ పెంగ్విన్ నడి శీతకాలంలో గ్రుడ్డు పెడుతుంది. తల్లి సముద్రానికి వెళ్ళిపోగా తండ్రి ఆ ఒక్క గ్రుడ్డును పాదాల మీద పెట్టుకొని, పొట్ట మడతతో కప్పి, సుమారు రెండు నెలలు నిలబడే పొదుగుతుంది. గూడు లేదు, తిండి లేదు. ఈ పక్షి గ్రుడ్లు తెచ్చి, లోపలి పిండాన్ని పరీక్షిస్తే పక్షులు ఏ జీవులనుండి పరిణమించినవో తెలియగలదని ఒకప్పుడు శాస్త్రజ్ఞులు తలచారు. 1911 జూన్ చివర స్కాట్ బృందానికి చెందిన విల్సన్, బవర్స్, చెర్రీ-గరార్డ్ అనే ముగ్గురు అంటార్కిటికా చీకటి శీతకాలంలో బండ్లను స్వయంగా లాగుకొంటూ కేప్ క్రోజియర్ అనే చోటికి బయలుదేరారు. సూర్యుడు ఉదయించని రోజులవి. చలి ఒక దశలో సున్నాకు దిగువన 60 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరింది. తుపానులో గుడారం ఎగిరిపోయింది. అది మళ్ళీ దొరకడమే వారి ప్రాణాలు నిలిపింది. ఐదు వారాల తరువాత స్థావరానికి తిరిగి వచ్చేసరికి తీసిన ఐదు గ్రుడ్లలో మిగిలినవి మూడు. విల్సన్, బవర్స్ మరుసటి సంవత్సరం స్కాట్‌తో పాటు మంచులోనే మరణించారు. చెర్రీ-గరార్డ్ 1913లో ఆ మూడు గ్రుడ్లను లండన్ మ్యూజియంలో అప్పగించాడు. 1934లో వెలువడిన పరిశీలన ప్రకారం ఆ పిండాల వల్ల కొత్తగా తెలిసినది అత్యల్పం!

పెంగ్విన్ మెడకు ఎర్ర మఫ్లరు చుట్టి నవ్వించే పుస్తకం కంటె ఈ వృత్తాంతం మన పదేళ్ళ పిల్లవానికి ఎక్కువ రుచిస్తుందని నేను పందెం వేయగలను. ఫలితం దక్కకపోయినా సత్యం కోసం వెళ్ళిన మనుషుల కథ ఇది. పిల్లలకు విజయగాథలు మాత్రమే చెప్పాలనే నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు.

ఇక భాష సంగతి. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. ధ్రువప్రాంతాన్ని తెలుగులో వర్ణించబోతే మొదటి అడుగులోనే కాలు జారుతుంది, ఎందుకంటే మనకు ఉన్నది "మంచు" అనే ఒక్క మాట. మార్గశిరంలో తెల్లవారుజామున దారి కనబడకుండా కమ్మేది మంచు. గడ్డిపోచ కొనమీద మెరిసేది మంచు. హిమాలయాల మీద పడేది మంచు. "ఎలుగుబంటి మంచు మీద నడిచినది" అని చదివిన మన పిల్లవాడు ఏమి ఊహిస్తాడు? ఉర్దూలో గడ్డిమీది బిందువుకు "ఓస్" అని, దారిని కప్పే దానికి "కోహ్రా" అని, పైరును మాడ్చే దానికి "పాలా" అని వేర్వేరు మాటలున్నవి. కానీ ఆకాశంనుండి పడే హిమానికీ నీరు గట్టిపడిన గడ్డకూ వారు కూడా "బర్ఫ్" అనే సరిపెట్టుకొంటారు. ధ్రువ ప్రకృతిలో ఈ భేదాలే ప్రాణం. సముద్రపు నీరే గడ్డకట్టి పలకలుగా తేలడం ఒకటి. భూమిమీద వేల సంవత్సరాలు పేరుకొన్న హిమం విరిగి సముద్రంలో పడి కొండవలె తేలడం మరొకటి. ఎలుగుబంటి సీల్‌లను వేటాడేది మొదటిదాని మీద. ఆ పలకలు వేసవిలో ముందుగా కరిగిపోతే దానికి ఆకలి. ఈ తేడా తెలియని పాఠకునికి భూమి వేడెక్కడం వల్ల ఎలుగుబంటికి కష్టమెందుకు వచ్చినదో అర్థం కాదు. జాలి మాత్రం కలుగుతుంది.

జంతువుల పేర్లలో మరికొంత జాగ్రత్త కావాలి. మన నదులలో లేని హిప్పోపొటమస్‌ను తెలుగువారు నీటిగుర్రమన్నారు, ఉర్దూవారు దర్యాయీ ఘోడా అన్నారు. ఇద్దరికీ ఒకే ఊహ తట్టడం ముచ్చటగానే ఉన్నది. కానీ అదే దారిన పోయి సీల్‌ను "నీరుకుక్క" అంటే ప్రమాదం. ఆ పేరుతో మన కృష్ణా గోదావరులలో చేపలు పట్టుకొని బ్రతికే వేరొక జంతువు ఉన్నది. లేని మాటను బలవంతంగా పుట్టించేకంటె "సీల్", "వాల్రస్" అని ఉంచి, ఒక వాక్యంలో దాని ఆకారం చెప్పడమే మేలని నా మతం. పండితులు కోపగించకుందురు గాక.

మాటలు లేవని చేతులు ముడుచుకొని కూర్చున్న నగరం కాదు మనది. 1906లో హైదరాబాదులో స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి తెలుగులో శాస్త్రగ్రంథాలు వ్రాయించవచ్చునని నిరూపించింది. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం గణితం మొదలు వైద్యం వరకు ఉర్దూలోకి తెచ్చింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. ఇవన్నీ పెద్దల చదువు కోసం చేసిన కృషి. పిల్లవాని వంతు వచ్చేసరికి మనం విదేశాల వైపు చూచాము. మాస్కో ప్రచురణాలయాలు తెలుగులో అచ్చువేసి పంపిన పిల్లల పుస్తకాలను విశాలాంధ్రవారు చౌకగా ఊరూరా అందించారు. మంచు, బిర్చి చెట్టు, తెల్ల ఎలుగు మన పల్లె పిల్లలకు కూడా తెలిసినవంటే ఆ పుస్తకాల చలవే. 1991లో సోవియట్ యూనియన్ అంతరించడంతో ఆ ఊట ఎండిపోయింది.

ధ్రువాలను గురించి వ్రాయడానికి మనకు సొంత అనుభవం లేదా అంటే ఉన్నది. 1981 డిసెంబరు 6న గోవానుండి "పోలార్ సర్కిల్" అనే నౌకలో 21 మంది భారతీయులు బయలుదేరి 1982 జనవరి 9న అంటార్కిటికాపై అడుగుపెట్టారు. వారికి నాయకుడు డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం. అలహాబాదులో పుట్టి, అలీగఢ్‌లో చదివి, సముద్ర జీవశాస్త్రంలో పేరు గడించి, తరువాత జామియా మిల్లియా ఇస్లామియాకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన పెద్ద ఆయన. దరిమిలా దక్షిణ గంగోత్రి, 1989లో మైత్రి, 2012లో భారతి అనే స్థావరాలు ఏర్పడినవి. ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవులలో 2008లో హిమాద్రి వెలసింది. మన హబ్సిగూడ దారిలోని సి.సి.ఎం.బి.కి చెందిన డాక్టర్ ఎస్. శివాజీ అంటార్కిటికా మట్టినుండి శాస్త్రలోకానికి తెలియని సూక్ష్మజీవులను వేరుచేసి వర్ణించారు. దానికి పొరుగునే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు మైత్రిలో భూకంపాలను నమోదు చేశారు. సిటీబస్సు దిగి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ధ్రువ విజ్ఞానం ఉండగా, మన పిల్లలకు ఆ చలిని గురించి చెప్పడానికి లండన్‌నుండో న్యూయార్కునుండో పుస్తకం రావలసిన గతి ఏమి?

ఇంతకంటె దగ్గరి బంధువు ఒకటి ఉన్నది. ఉల్లంకి జాతికి చెందిన ఒక చిన్న పిట్ట, ఆంగ్లంలో లిటిల్ స్టింట్ అంటారు, పిచ్చుకంత ఉంటుంది. తూకం 30 గ్రాములకు అటూ ఇటూ. నార్వే ఉత్తరపు కొసనుండి సైబీరియా వరకు వ్యాపించిన ఆర్కిటిక్ టండ్రా నేలలో, రాత్రి లేని వేసవిలో అది గ్రుడ్లు పెట్టి పిల్లలను చేస్తుంది. అక్కడ చలి మొదలు కాగానే ఐదారు వేల కిలోమీటర్లు ఎగిరి మన చెరువుల బురద అంచులకు వస్తుంది. నల్లని చిన్న కాళ్ళతో పరుగులు తీస్తూ, కుట్టుమిషను సూదివలె ముక్కును బురదలో ఆడిస్తూ పురుగులను ఏరుకొంటుంది. హైదరాబాదు చుట్టుపట్ల చెరువులలో శీతకాలమంతా దీనిని చూడవచ్చును. ధ్రువప్రాంతపు జీవి అంటే ఇదే. దానిని చూడడానికి టిక్కెట్టు అక్కరలేదు. ఏ విక్రయశాలలోని పుస్తకపు అట్టమీదా నాకు దాని బొమ్మ కనబడలేదు.

మియాపూర్ దాటితే వచ్చే అమీన్‌పూర్ చెరువు ఇటువంటి పక్షులకు ప్రసిద్ధమైన చోటు. 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఆ ఊరు ఇబ్రహీం కుతుబ్ షా కొలువులోని అమీన్‌ఖాన్ పేరు మీద వెలసినదని చెబుతారు. తెలుగు విద్యార్థులకు ఆ పేరు కొత్త కాదు. పొన్నెగంటి తెలగన తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రను అంకితమిచ్చినది ఆ అమీన్‌ఖాన్‌కే. సంస్కృత పదం లేకుండా కావ్యం వ్రాయవచ్చునా అన్న ప్రశ్నకు ఒక ముస్లిం ప్రభువు ఆదరణలో జవాబు దొరికిన చోట, ఒక పిట్టను గురించి తెలుగులోనూ ఉర్దూలోనూ ముప్పై పుటలు వ్రాయలేమా?

చెరువు ఉంటేనే పిట్ట. ఈ మాటను పిల్లల పుస్తకంలో దాచనక్కరలేదు. 1931లో సలీం అలీ నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసిననాడు ఈ నేలమీద ఉన్న నీటిపట్టులలో ఎన్ని నేడు పూడిపోయినవో ఈ నగరంలో పెరిగిన ప్రతి ఒక్కరికీ ఒక ఉదాహరణ తెలుసు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమిలో యంత్రాలు చెట్లను కూల్చడం, విశ్వవిద్యాలయ విద్యార్థులు అడ్డుచెప్పడం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని నిలిపివేయడం మనం చూచిన సంగతులే. ఆర్కిటిక్ మంచు కరుగుతున్నదని కంటతడి పెట్టించే పుస్తకం కొని ఇచ్చిన తండ్రి, పూడ్చిన చెరువుమీద కట్టిన ఇంటిలో కూర్చొని దానిని చదివించడంలో ఏదో వైపరీత్యం ఉన్నది.

కొందరు మిత్రులు రెండు విధాల ఆక్షేపిస్తారు. మన నెమలి, మన జింక ఉండగా పెంగ్విన్ గోల ఎందుకని కొందరు. ఈ వాదం దేశభక్తివలె కనబడుతుంది కానీ నాకు సమ్మతం కాదు. ఇంగ్లీషు వచ్చిన పిల్లవానికి లోకమంతా తెరిచి, తెలుగు ఉర్దూ బిడ్డకు మాత్రం నీ పెరటి నెమలితో తృప్తిపడమనడం న్యాయమా? రెండవ ఆక్షేపణ బలమైనది. 2022 నుండి ప్రభుత్వ పాఠశాలలలో కూడా ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు కదా, ఇక ఈ భాషలలో ఎవరు చదువుతారు అని. ఆ ప్రభుత్వమే పాఠ్యపుస్తకాలను ఒకవైపు ఇంగ్లీషులో, ఎదుటి పుటలో తెలుగులో అచ్చువేయించవలసి వచ్చింది. బడి భాష మారినంత తేలికగా ఇంటి భాష మారదు. హైటెక్ సిటీ మేడలకు కాపలా కాసే వారి పిల్లలు, ఆటో నడిపే వారి పిల్లలు బోరబండలోనో షేక్‌పేటలోనో ఇంటికి వచ్చి అమ్మకు బడిలో విన్నది చెప్పేది ఏ భాషలో?

కనుక కళాశాల కమిటీ పెద్దల ముందు ఒక వినతి ఉంచుతున్నాను. ఈ సంచికలో తెలుగు విభాగం ఎడమనుండి, ఉర్దూ విభాగం కుడినుండి మొదలై మధ్యలో కలుస్తున్నవి. అదే పద్ధతిలో 32 పుటల పిల్లల పుస్తకం ఒకటి మన కళాశాల తయారుచేయాలి. అమీన్‌పూర్ బురద అంచున మొదలుపెట్టి, ఆ చిన్న పిట్ట వెంట టండ్రా వరకు తీసుకొనిపోయే పుస్తకం. మాటలు తెలుగు, ఉర్దూ విభాగాల విద్యార్థులు ఒకరి ప్రతిని ఒకరు వినిపించుకొంటూ వ్రాయాలి. "మంచు" దగ్గర ఇద్దరూ కలిసి తల పట్టుకోవలసి వస్తుంది, అది మంచిదే. విషయాన్ని జంతుశాస్త్ర విభాగంవారు సరిచూడాలి. అచ్చుకు పోయేముందు ధ్రువాలకు వెళ్ళివచ్చిన శాస్త్రజ్ఞులలో ఒకరినైనా బ్రతిమాలి చదివించాలి. బొమ్మలు విదేశీ పుస్తకాలనుండి దించినవి కాక మన విద్యార్థులు చెరువు గట్టున కూర్చొని గీసినవి కావాలి. ప్రతులను చుట్టుపట్ల ప్రభుత్వ పాఠశాలలకు ఉచితంగా ఇవ్వాలి. దీనికి అయ్యే వ్యయం వార్షికోత్సవపు వేదికకూ పూలదండలకూ అయ్యేదానికంటె మించదని నా అంచనా.

ఒక్క విషయంలో తొందర అవసరం. ఈ పిట్టలు సెప్టెంబరులో రావడం మొదలై, ఏప్రిల్ దాటేసరికి తిరిగి ఉత్తరానికి వెళ్ళిపోతాయి. వార్షిక పరీక్షలు కూడా ఆ రోజులలోనే. కమిటీవారి అనుమతి దసరా సెలవులకు ముందుగా లభిస్తే, బొమ్మలు గీసే విద్యార్థులకు కనీసం నాలుగైదు ఆదివారాలు చెరువు దగ్గర దొరుకుతాయి.